ఆకాశహర్మ్యాల ఇంజనీరు మరహూం ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ సాహెబు

జూబిలీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర నిలబడి ఫిల్మ్ నగర్ వైపు ఒకసారి చూడండి. ఏ రోడ్డులో చూసినా ఏదో ఒక కట్టడం లేస్తూనే ఉంటుంది. బండ పగలగొట్టే చప్పుడు, కాంక్రీటు కలిపే చప్పుడు, పొద్దు గూకే వేళకు నీలంగా మెరిసే వెల్డింగు వెలుగు. ఈ పనుల్లో మన కుటుంబాల పిల్లలు చాలామంది ఉన్నారు. రాడ్డు వంచేవారున్నారు, సెంట్రింగు కొట్టేవారున్నారు, వెల్డింగు చేసేవారున్నారు. వారిలో కొందరు పగలు కట్టడంలోనూ, రాత్రి సినిమా సెట్టులోనూ పనిచేస్తారు. అయితే ఈ రెండు పనులకూ ఒక తేడా ఉంది. సెట్టులో పెట్టిన అతుకు షూటింగు పూర్తయ్యేదాకా నిలిస్తే చాలు. ఇంటి పిల్లరులో పెట్టిన అతుకు మాత్రం మనుమలు, మునిమనుమల కాలందాకా నిలవాలి. పైగా కాంక్రీటు పోసిన తర్వాత అది ఎవరి కంటికీ కనబడదు.

2016 జూలైలో ఈ ఫిల్మ్ నగర్‌లోనే, కడుతూ ఉన్న ఒక పోర్టికో కూలి ఇద్దరు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పొట్టకూటికి వచ్చినవారు. ఆ సంగతి మన బస్తీల్లో ఇంకా ఎవరూ మరచిపోలేదు. అందుచేత ఈ ఏడు మన సంచికలో ఒక ఇంజనీరు జీవితం చెప్పుకోవడం బాగుంటుందని తోచింది. ఆయన మన ఊరివాడు కాదు, మన భాషవాడూ కాదు. కాని ఆయన చేసిన ఆలోచన మీదనే నేడు మన హైదరాబాదులో పడమటి వైపు లేస్తున్న ఎత్తయిన మేడలెన్నో నిలబడి ఉన్నాయి. ఆయనే ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ సాహెబు.

ఖాన్ సాహెబు 1929 ఏప్రిల్ 3వ తేదీన ఢాకాలో జన్మించారు. అప్పటికి అది అవిభక్త బెంగాలు. తండ్రి అబ్దుర్ రహ్మాన్ ఖాన్ గారు లెక్కల ఉపాధ్యాయులు. పాఠ్యపుస్తకాలు వ్రాసినవారు, తర్వాతి కాలంలో ఢాకాలోని జగన్నాథ్ కాలేజీకి ప్రిన్సిపాలుగా ఉన్నవారు. ఇంట్లో ధనరాశులు లేకపోయినా చదువుకు లోటు లేదు. పిల్లవాడికి లెక్కలు ఇంట్లోనే అబ్బినవి. ఆర్మానిటోలా ప్రభుత్వ పాఠశాలలో చదివి, కలకత్తా పక్కనున్న శిబ్‌పూర్ ఇంజనీరింగు కాలేజీలో చేరారు. ఇంజనీరింగు వైపు మళ్ళించినది తండ్రిగారే.

దేశం రెండయింది. 1950లో బెంగాలులో మతకల్లోలాలు చెలరేగినప్పుడు ఆ కుర్రవాడు శిబ్‌పూర్ చదువు మధ్యలో వదలి ఢాకాకు రావలసి వచ్చింది. అక్కడ అహసనుల్లా ఇంజనీరింగు కాలేజీలో మిగిలినది పూర్తిచేసి పట్టా పుచ్చుకున్నారు. చదువు ఆగిపోవడానికి అంతకంటె పెద్ద సాకు ఎవరికి కావాలి? అయినా ఆయన ఆపలేదు. ఈ ఒక్క ముక్క మన పిల్లలు గుర్తుంచుకుంటే చాలు, మిగతా వ్యాసం చదవకపోయినా ఫరవాలేదు.

1952లో స్కాలర్‌షిప్పు మీద అమెరికా వెళ్ళి ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో చేరారు. మూడేళ్ళలో రెండు మాస్టరు డిగ్రీలు, ఒక డాక్టరేటు సంపాదించారు. డాక్టరేటు పరిశోధన ముందే బిగించిన ఉక్కుతో చేసే కాంక్రీటు దూలాల మీద. అంటే ఉక్కు, కాంక్రీటు అనే ఈ జోడీతో ఆయనకు స్నేహం అప్పటిదే. 1955లో షికాగోలోని స్కిడ్‌మోర్, ఓయింగ్స్ అండ్ మెరిల్ అనే పెద్ద సంస్థలో ఉద్యోగం దొరికింది. మధ్యలో స్వదేశానికి తిరిగివచ్చి కరాచీలో కొంతకాలం పనిచేశారు గాని, చేయదలచుకున్న పనికి అక్కడ తావు చాలలేదు. 1960లో మళ్ళీ షికాగో చేరారు. 1966లో అదే సంస్థలో భాగస్వామి అయ్యారు.

ఇంతకూ ఆయన చేసిన ఘనకార్యం ఏమిటి? కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

మేడ ఎత్తు పెరిగేకొద్దీ బరువొక్కటే సమస్య కాదు, పక్కనుండి తోసే బలం పెద్ద సమస్య. గాలి తోస్తుంది, భూకంపం వస్తే నేలే పక్కకు ఊగుతుంది. పాత పద్ధతిలో మేడ లోపల పిల్లర్లు, బీములు గళ్ళుగళ్ళుగా కట్టి, ఆ అతుకుల బిగువుతోనే తోపును ఆపేవారు. ఇరవై అంతస్తులు దాటాక ఉక్కు ఖర్చు విపరీతంగా పెరిగిపోయేది. ఖాన్ సాహెబు దీన్ని తిరగేసి ఆలోచించారు. మేడ వెలుపలి గోడ చుట్టూ పిల్లర్లను దగ్గర దగ్గరగా నిలబెట్టి, వాటిని బలమైన బీములతో కట్టేస్తే మొత్తం మేడ ఒక పెద్ద గొట్టంలాగా పనిచేస్తుంది. వెదురు బొంగు చూడండి. లోపల డొల్లయినా గాలివానకు వంగి మళ్ళీ లేస్తుంది. బలమంతా వెలుపలి చర్మంలో ఉంది. షికాగోలో డెవిట్-చెస్ట్‌నట్ అనే 43 అంతస్తుల కాంక్రీటు మేడను 1960లలో ఈ పద్ధతిలో కట్టించారు. గొట్టం పద్ధతికి అదే మొదటి మెట్టు.

రెండవది మనవంటి చోట్లకు ఇంకా దగ్గరిది. మేడ నడుమ లిఫ్టు చుట్టూ కాంక్రీటు గోడలు కడతారు కదా, వాటిని షియర్ వాల్స్ అంటారు. ఆ గోడ ఒంటరిగా ఉంటే పాతిన కర్రలాగా పైకి పోయేకొద్దీ ఎక్కువగా వంగుతుంది. పిల్లర్లు, బీముల చట్రమేమో ఒంటరిగా ఉంటే కింది అంతస్తుల్లోనే ఎక్కువగా పక్కకు జరుగుతుంది. స్లాబులతో రెండింటినీ కలిపితే పైన గోడను చట్రం పట్టుకుంటుంది, కింద చట్రాన్ని గోడ పట్టుకుంటుంది. ఒకరి లోటు ఒకరు పూడ్చుకునే కుటుంబంలాగా. ఈ సంగతిని లెక్క కట్టి చూపే పద్ధతిని ఖాన్ సాహెబు, తన సహోద్యోగి స్బరూనిస్‌తో కలిసి, 1964లో ప్రకటించారు. ఇప్పుడు భూకంపాలకు తట్టుకునేలా కట్టే కాంక్రీటు మేడల్లో గోడ, చట్రం జోడించడమనేది ప్రపంచమంతటా మామూలు పద్ధతి అయిపోయింది. షికాగో మేడలకు ఆయన ముఖ్యంగా లెక్కించినది గాలి తోపునే. భూకంపానికి అదనంగా మరొక గుణం కావాలి, దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

1970 నాటికి 100 అంతస్తుల జాన్ హాంకాక్ సెంటరు పూర్తయింది. దాని నాలుగు ముఖాల మీద అడ్డంగా, ఏటవాలుగా ఇంటూ గుర్తుల్లాగా పెద్ద ఉక్కు పట్టీలు కనబడతాయి. అలంకారానికి పెట్టినవి కావవి, తోపును ఆపేవి అవే. 1931లో న్యూయార్కులో కట్టిన ఎంపైర్ స్టేట్ భవనానికి చదరపు అడుగుకు 40 పౌండ్లకు పైగా ఉక్కు పట్టగా, దీనికి సుమారు 30 పౌండ్లే సరిపోయింది. మేడ ఊగితే లోపలి మనుషులకు ఎంతవరకు తెలుస్తుందో తెలుసుకోవాలని, షికాగోలోని ఒక మ్యూజియంలో కదిలే వేదిక మీద మనుషులను నిలబెట్టి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి పరీక్షలు చేయించారు. లెక్కలో పాసయితే చాలదు, అందులో కాపురముండే మనిషికి భయం కలగకూడదని ఆయన పట్టుదల.

ఈ హాంకాక్ మేడ కడుతుండగా 1966లో ఒక గండం వచ్చింది. ఉక్కు చట్రం కొన్ని అంతస్తులు లేచాక ఒక పిల్లరు కింద పునాది కాస్త దిగినట్టు తేలింది. తవ్వి చూస్తే నేలలోకి దింపిన కాంక్రీటు స్తంభంలో మధ్యన కాంక్రీటు లేని ఖాళీ ఉంది, అందులో మట్టి చేరింది. పోసేటప్పుడు జరిగిన పొరపాటు పైకి కనబడలేదు. పని ఆపేశారు. ఒక్కటి చెడిందని ఆ ఒక్కటి బాగుచేసి ఊరుకోలేదు, మిగతా స్తంభాలన్నింటినీ పరీక్షించారు, లోపమున్నవాటిని సరిచేశారు. నెలల కాలం, లక్షల డాలర్లు పోయాయి. కాని ఆ మేడ నేటికీ నిలిచి ఉంది. దాచిపెట్టిన లోపం ఎంత చిన్నదయినా మేడ దాన్ని మరచిపోదు. బయటపడ్డ రోజునే సరిచేసుకోవడం మగతనం.

తర్వాత 110 అంతస్తుల సియర్స్ టవర్. తొమ్మిది చదరపు గొట్టాలను, ఒక్కొక్కటి 75 అడుగుల వెడల్పుతో, కట్టెల మోపులాగా కట్టి నిలబెట్టారు. ఎత్తు సుమారు 1,450 అడుగులు. 1970లో మొదలయిన ఈ మేడ చట్రం 1973లో పూర్తి ఎత్తుకు చేరింది. 1990ల చివర మలేషియాలో పెట్రోనాస్ మేడలు వచ్చేదాకా ప్రపంచంలో అన్నిటికంటె ఎత్తయిన మేడ ఇదే. 2009 నుండి దీన్ని విల్లిస్ టవర్ అంటున్నారు.

మన వెల్డింగు పిల్లలు వినవలసిన ముచ్చట ఇక్కడే ఉంది. సియర్స్ టవర్ ఉక్కు చట్రాన్ని ఆకాశంలో వేలాడుతూ ముక్క ముక్క వెల్డింగు చేయలేదు. రెండంతస్తుల పిల్లరుకు రెండు వైపులా సగం సగం బీములు కలిపి, కొమ్మలున్న చెట్టులాంటి ముక్కలుగా కార్ఖానాలోనే వెల్డింగు చేశారు. వెల్డరుకు నేల మీద నిలబడి, గాలి వాన లేనిచోట, అనుకూలమైన భంగిమలో పని. అతుకు వేడి తగ్గాక పరీక్ష చేయడానికీ వీలు. తర్వాత ఆ చెట్లను లారీల మీద తెచ్చి, పైకి ఎత్తి, బీముల మధ్యభాగంలో బోల్టులతో బిగించారు. బీము నడుమ తోపు వలన వచ్చే వంపు తక్కువ. అందుచేత సైటులో వేసే అతుకును అక్కడికి మార్చారు. కష్టమైన అతుకు కార్ఖానాలో, సులువైన అతుకు సైటులో. అతుకు ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచించడం సగం ఇంజనీరింగు.

ఇదే సూత్రం మన కాంక్రీటు రాడ్డులకూ వర్తిస్తుంది. రాడ్డు పొడవు చాలనప్పుడు మనవాళ్ళు ఒకదాని పక్కన ఒకటి పెట్టి ల్యాపు వేసి బైండింగు వైరు కడతారు. నిజానికి బలాన్ని ఒక రాడ్డు నుండి మరొక రాడ్డుకు అందించేది చుట్టూ ఉన్న కాంక్రీటే, వైరు కాదు. వైరు రాడ్డును కదలకుండా పట్టుకుంటుందంతే. భూకంపానికి తట్టుకునే కట్టుబడి గురించి మన దేశంలో 1993లో ఐ.ఎస్. 13920 అనే ప్రమాణం వచ్చింది, 2016లో దాన్ని సవరించారు. పిల్లరు రాడ్డుల ల్యాపు పిల్లరు ఎత్తులో నడిమి సగంలోనే ఉండాలి, స్లాబు మీద నుండి వెంటనే మొదలుపెట్టకూడదు. ల్యాపు ఉన్నంతమేర రింగులు దగ్గర దగ్గరగా వేయాలి. రింగు కొనలు తొంభై డిగ్రీలకు ఆపకుండా ఇంకా లోపలికి, 135 డిగ్రీలకు వంచాలి. లేకపోతే కాంక్రీటు పెచ్చు ఊడగానే రింగు విచ్చుకుంటుంది. బీము, పిల్లరు కలిసే చోట ల్యాపు అసలు పెట్టరాదు. కొలత చూసి వేసే మేస్త్రీకి ఇవేవీ కష్టమైనవి కావు. కష్టమల్లా, తొందరలో మానేయకుండా ఉండటమే.

మరి ల్యాపుకు బదులు వెల్డింగు చేస్తే మంచిది కాదా అని అడుగుతారు. లావు రాడ్డులకు, ల్యాపులతో కిక్కిరిసి కాంక్రీటు దిగని చోట్లకు వెల్డింగుగాని, మరల కప్లర్లుగాని వాడుతారు. ప్రమాణాలు దానికి దారి ఇచ్చాయి. కాని ఇష్టం వచ్చినట్టు కాదు. ఇదివరకు వాడిన మెలిబెట్టిన టోర్ స్టీలు రాడ్డుకు ఆ మెలితోనే బలం వచ్చేది, ఎర్రగా కాల్చితే ఆ బలం పోయేది. ఇప్పుడు మన విశాఖ ఉక్కు మొదలు అందరూ చేసే టి.ఎం.టి. రాడ్డును వేడివేడిగా ఉండగానే నీళ్ళతో చల్లార్చి వెలుపల గట్టి తొడుగు, లోపల మెత్తని గుండె వచ్చేలా చేస్తారు. అతిగా కాల్చితే ఆ తొడుగు గుణం చెడుతుంది. ఉక్కులో కర్బనం ఎక్కువైతే అతుకు పక్కన పెళుసుబారుతుంది. తడిసిన వెల్డింగు రాడ్డు వాడినా, తుప్పు గీకకుండా అతికినా, వేడి అతుకు మీద నీళ్ళు చల్లినా లోపల సన్నని బీట పడవచ్చు. పైకి మెరుస్తూనే ఉంటుంది. అందుచేత రాడ్డు వెల్డింగుకు పనికొచ్చేదేనా అని మిల్లు కాగితంలో చూడాలి, ఎండబెట్టిన సరైన వెల్డింగు రాడ్డు వాడాలి, నమూనా అతుకును లాగి చూపించాలి. రింగును పిల్లరు రాడ్డుకు చుక్క వెల్డింగుతో అంటించే అలవాటు మానాలి. ఆ చుక్క దగ్గరే రాడ్డు గాయపడుతుంది. అక్కడ బైండింగు వైరే మేలు.

ఇందాక వాయిదా వేసిన గుణం ఇదే. గాలికి బిగువు చాలు, భూకంపానికి సాగుడు కావాలి. నేల ఊగినప్పుడు రాడ్డు తెగకుండా సాగి, ఆ ఊపును తాను మింగాలి. అందుకే మన ప్రమాణం రాడ్డు కనీసం 14.5 శాతం సాగాలంటుంది. ఎంత మంచి రాడ్డయినా అతుకు పెళుసయితే ఆ సాగుడు వృథా. 1994 జనవరిలో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ దగ్గర నార్త్‌రిడ్జ్‌లో భూకంపం వచ్చినప్పుడు, ఎంతో గట్టివనుకున్న ఉక్కు మేడల్లో బీము, పిల్లరు కలిసే వెల్డింగు అతుకులే చాలాచోట్ల బీటలువారాయి. అంతటి దేశంలోనూ అతుకుల నియమాలు తిరగ వ్రాసుకోవలసి వచ్చింది.

మన హైదరాబాదుకు భూకంపమేమిటి, ఇదంతా బండ నేల కదా అనేవారున్నారు. బండ నేల పునాదికి మంచిదే. కాని 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో కిల్లారి దగ్గర వేలమంది చనిపోయిన ప్రాంతం కూడా అంతవరకు అన్నిటికంటె భద్రమైన మండలంలో ఉన్నదే. అప్పటి పటంలో హైదరాబాదుదీ అదే మండలం. ఆ తర్వాత 2002 పటంలో ఆ మొదటి మండలాన్నే తీసివేసి మనల్ని రెండవ మండలంలో చేర్చారు. 2020 అక్టోబరులో జూబిలీ హిల్స్‌ను ఆనుకొని ఉన్న బోరబండలో చిన్నచిన్న ప్రకంపనలకు జనం రోడ్ల మీదికి వచ్చారు. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే హైదరాబాదులోనూ తెలిసింది. 2001 జనవరి 26న కచ్‌లో వచ్చిన భూకంపానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని అహమ్మదాబాదులో అపార్టుమెంట్లు కూలాయి. కూలినవాటిలో చాలావాటికి కింద గోడలు లేకుండా పార్కింగు కోసం ఉత్త పిల్లర్లే నిలబెట్టారు. మన కొండమీది అపార్టుమెంట్ల కింది అంతస్తు ఎలా ఉందో మీరే చూసుకోండి. భయపడమని చెప్పడం లేదు, కట్టేటప్పుడే జాగ్రత్తపడమంటున్నాము.

మళ్ళీ ఖాన్ సాహెబు దగ్గరకు వద్దాం. ఆయనను లెక్కల మనిషి అనుకుంటే పొరపాటు. రవీంద్రుని పాటలంటే ప్రాణం. తాను కట్టే మేడలో బతికే మనిషిని ఊహించుకుని గీత గీసేవారు. 1971లో తూర్పు బెంగాలు కష్టాలలో ఉన్నప్పుడు షికాగోలో తనవారిని కూడగట్టి సహాయ నిధి పోగుచేశారు, అక్కడి జనానికి, నాయకులకు అసలు సంగతి తెలిసేలా సంఘం నడిపారు. ఎంత ఎత్తుకు పోయినా నేల మరవలేదు.

చివరి పెద్ద పని జిద్దాలో హజ్ టెర్మినల్. లక్షలాది యాత్రికులు విమానం దిగి గంటల తరబడి వేచి ఉండవలసిన చోటు, నిప్పులు చెరిగే ఎండ. అక్కడ కాంక్రీటు పెట్టె కట్టలేదు ఆయన. ఎడారివాసుల గుడారాన్ని తలచుకుని, ఉక్కు స్తంభాల నుండి వేలాడే 210 తెల్లని గుడారాల కప్పు వేయించారు. గాలి ఆడుతుంది, వెలుతురు వడగట్టుకుని వస్తుంది. 1981లో అది తెరుచుకుంది. మన ఊళ్ళ నుండి హజ్‌కు పోయివచ్చిన పెద్దలెందరో ఆ నీడన కూర్చున్నవారే, కట్టినవారి పేరు తెలియకపోయినా.

1982 మార్చి 27న ఆ జిద్దాలోనే గుండెపోటుతో ఖాన్ సాహెబు కన్నుమూశారు. ఇంకా 53 నిండలేదు, వారం తక్కువ. షికాగోలో ఖననం చేశారు. మరుసటి ఏడు హజ్ టెర్మినల్‌కు ఆగాఖాన్ వాస్తు పురస్కారం వచ్చింది. 1998లో సియర్స్ టవర్ దగ్గరి వీధి మూలకు ఆయన పేరు పెట్టారు. 1999లో బంగ్లాదేశ్ తన అత్యున్నత పురస్కారంతో గౌరవించింది. కుమార్తె యాస్మిన్ కూడా తండ్రి బాటలోనే స్ట్రక్చరల్ ఇంజనీరయి, తండ్రి పనుల మీద పుస్తకం వ్రాశారు. ఆడపిల్లలున్న తలిదండ్రులు ఈ మాట గమనించాలి.

మన పిల్లలందరూ ఖాన్ సాహెబులు కాలేరు, కానవసరమూ లేదు. ఆయన గీసిన గీత ఎంత గొప్పదయినా, చివరకు దాన్ని నిలబెట్టినది కార్ఖానాలో ముసుగు దించుకుని అతుకు వేసిన వెల్డరు చెయ్యే. ఇంజనీరు లెక్కకు, ఆ చేతికి మధ్యన నమ్మకం ఉండాలి. ఐ.టి.ఐ.లో వెల్డింగు నేర్చే కుర్రవాడు, పాలిటెక్నిక్‌లో సివిలు చదివే అమ్మాయి, కొండమీద రింగులు వంచే తమ్ముడు, ముగ్గురూ ఒకే మేడకు మూడు స్తంభాలు. కాంక్రీటు పోసేముందు ఒక్క నిమిషం ఆగి, అతుకు సరిగ్గా ఉందా అని చూసుకుంటే, ఏ రాత్రో నేల కదిలినప్పుడు పేరు తెలియని ఏ తల్లి ఒడిలోనో బిడ్డ నిద్ర చెడకుండా ఉంటుంది. ఆ పుణ్యం ఎవరి లెక్కలో పడాలో పైవాడికి తెలుసు.